సుత్తి ముట్టని శుక్రవారం

మా నాన్న ఆఫీసులో గుమాస్తా, ఇంట్లో మెకానిక్కు. ఆఫీసు పని ఆయనకు ఎంత వచ్చో మాకు తెలియదు కానీ, మెకానిక్కు పని మాత్రం రాదని అమ్మా నేనూ ఏనాడో తేల్చేశాం. ఆ మాట ఆయన మొహాన అనే ధైర్యం ఇద్దరికీ లేదు. ఫ్యాను విప్పి బిగిస్తే ఒక మర మిగిలేది. మిక్సీ విప్పి బిగిస్తే రెండు మిగిలేవి. "ఇవి అనవసరంగా పెట్టారే" అని వాటిని బిస్కెట్ల రేకు డబ్బాలో వేసేవాడు. ఫ్యాను తిరిగేది, మిక్సీ రుబ్బేది, ఇంకేం మాట్లాడతాం?

అప్పట్లో మేం మెట్టుగూడలో అద్దెకుండేవాళ్ళం. రోడ్డు మధ్యలో ఇంకా మెట్రో స్తంభాలు లేవు. కింద మేం, పైన ఇంటి ఓనరమ్మ. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. మెట్ల కింద గదిలో ఆయన వదిలిపోయిన బోరు సామాను గుట్టగా పడి ఉండేది. అమ్మకీ ఆవిడకీ మంచి స్నేహం. నాన్న ఏదైనా విప్పడం మొదలుపెడితే చాలు, ఆవిడ కొంగు దోపుకుని దిగివచ్చి మెట్టు మీద కూర్చునేది. ఆవిడకు అదొక సినిమా.

నాన్నకున్న ఒకే ఒక ఆస్తి పాత ఎర్ర మోటార్ సైకిలు. బాపట్ల నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో కొన్నాడట. దాని మీదే అమ్మను పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నానని గొప్పలు పోయేవాడు. నిజానికి అమ్మ వచ్చింది రైల్లో, స్టేషన్ నుంచి ఇంటిదాకా మాత్రమే బండి మీద. ఆ తర్వాత ఆదివారం ప్రార్థనకు గుడికైనా, మల్కాజ్‌గిరిలో పిన్ని వాళ్ళింటికైనా ఇద్దరూ దాని మీదే. అమ్మ పక్కకు తిరిగి కూర్చుని, ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, దారిపొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. గాలికి ఆయనకు సగం వినపడేది కాదు. అయినా తలూపేవాడు.

ఆ ఏడు క్రిస్మస్ ముందు ఆలుగడ్డ బావి మలుపులో బండి వెనక భాగం ఒక్కసారి పక్కకు ఊగింది, అమ్మ జారి కింద పడింది. దేవుడి దయ, మోకాలు గీరుకుపోయింది, నాలుగు గాజులు పగిలాయి, అంతే. ఒళ్ళో పెట్టుకున్న కేకు డబ్బాను మాత్రం వదల్లేదు. నాన్న బండి అక్కడే పడేసి పరిగెత్తుకొస్తే ముందు డబ్బా ఆయన చేతికిచ్చి, అప్పుడు లేచి చీర దులుపుకుందట. ఇంటికొచ్చాక మంచినీళ్ళు తాగి, గొంతు కూడా పెంచకుండా, "ఇక నేను దాని మీద ఎక్కనండీ" అంది. అరిచి ఉంటే నాన్న కూడా అరిచేవాడు, రెండు రోజుల్లో సర్దుకునేది. అరవలేదు కాబట్టి మాట మిగిలిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి అమ్మ గుడికి బస్సెక్కింది. నాన్న బండి మీద బస్సు వెనకే వెళ్ళేవాడు! నిజం, నా కళ్ళతో చూశాను. బస్సు ఆగిన చోటల్లా ఆగి, కదిలితే కదిలి, పొగంతా మింగుతూ సికింద్రాబాద్ దాకా వెళ్ళేవాడు. అమ్మ దిగేసరికి స్టాపులో నిలబడి ఉండేవాడు. అక్కడి నుంచి ఇద్దరూ నడిచి గుడికి వెళ్ళేవాళ్ళు, బండి తోసుకుంటూ. నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఇంట్లో కోపం ముక్కు మీద ఉండేది నాకే. పోనీ బండిని మెకానిక్కుకు చూపించు నాన్నా అంటే, వచ్చే ఆదివారం నేనే చేస్తానంటాడు. ఆ వచ్చే ఆదివారం రాదు. పండగ వెళ్ళింది, సంవత్సరం మారింది, ఎండలు కూడా వచ్చాయి.

ఈస్టర్ దగ్గరపడే కొద్దీ నాకు దిగులు పట్టుకుంది. ఈస్టర్ నాడు మా సంఘమంతా చీకటితోనే అల్వాల్ వైపు ఉన్న సమాధుల తోటలో కలుస్తుంది. సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, సూర్యుడు వచ్చేదాకా పాడతారు. చివరి రోజుల్లో మా దగ్గరే ఉండి పోయిన మా అమ్మమ్మ సమాధి అక్కడే ఉంది. ఏటా ఆ తెల్లవారుజామున అమ్మా నాన్నా బండి మీద వెళ్ళేవాళ్ళు. ఒళ్ళో పూలబుట్ట, మీద శాలువా. ఆ వేళ బస్సులుండవు. గుడివాళ్ళు మా రోడ్డు మీదుగా ఒక వ్యాను పెడతారు. అమ్మ ఆ ఏడు వెళ్ళి వ్యానులో సీటు చెప్పుకుని వచ్చింది. ఒక్క సీటే మిగిలిందట. నన్ను నాన్న వెనక కూర్చుని రమ్మంది. నాన్న ఆ మాట విని అన్నం దగ్గర నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, బయటికి వెళ్ళి బండిని తుడిచాడు. ఆయన తుడవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఈసారి వాళ్ళు విడివిడిగా వెళ్తే ఇక ఎప్పటికీ అంతేనని నాకెందుకో గట్టిగా అనిపించింది.

అందుకే ఆ రాత్రే నాన్నతో పోట్లాడాను. ఈస్టర్ లోపు నువ్వు చేస్తావా, లేక నేనే బండిని తోసుకుంటూ మెకానిక్కు దగ్గరికి వెళ్ళనా అన్నాను. నేనప్పుడు బడిలో పంతులమ్మగా కొత్తగా చేరాను, గొంతు మంచి పదును మీద ఉండేది. నాన్న గురువారం సెలవు పెట్టాడు.

రోగం ఎక్కడుందో ఆయనకు తెలుసు. వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప చెయ్యి ఒకటుంటుంది, స్వింగ్ ఆర్మ్ అంటారు. చక్రం గుంటలో దిగితే అదీ దిగుతుంది, చక్రం లేస్తే అదీ లేస్తుంది. అది బండి నడుముకు అతుక్కునేచోట అడ్డంగా పొడుగాటి ఇరుసు, ఆ ఇరుసు చుట్టూ ఉంగరాల్లా బుష్షులు. బుష్షులు అరిగిపోతే చక్రం తన ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. కొత్త బుష్షులు వెయ్యాలంటే స్వింగ్ ఆర్మ్ ఊడాలి, అది ఊడాలంటే ఇరుసు బయటికి రావాలి. చెప్పడానికి ఇంతే.

గురువారం పొద్దున్నే వరండాలో గోనె సంచి పరిచి, రింగు స్పానర్లు, బాక్సు స్పానర్లు, ప్లయర్సు, సుత్తి, కిరోసిన్ సీసా వరసగా పేర్చాడు. ఆపరేషన్ గదిలో డాక్టరుకున్నంత హడావుడి. నేను నర్సుని. చైను ఊడింది, చక్రం ఊడింది, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు ఊడాయి. ఇరుసుకు రెండు కొసలా ఉన్న నట్లు కూడా కాస్త మూలిగి ఊడాయి. నాన్న మొహం వెలిగిపోయింది. తర్వాత ఇరుసు దగ్గర కూర్చున్నాడు. కూర్చున్నవాడు మధ్యాహ్నం దాటినా లేవలేదు.

ఇరుసు లోపల తుప్పు పట్టి పాతుకుపోయింది. కిరోసిన్ పోశాడు, ఆగాడు, కొట్టాడు. చెక్క ముక్క అడ్డం పెట్టి కొట్టాడు. వీధి వీధంతా మోగిపోయింది కానీ ఇరుసులో ఉలుకూ పలుకూ లేదు. ఇంకాస్త గట్టిగా కొడితే దాని కొస చితికిపోతుంది, చితికితే మర పాడైపోయి ఇక జన్మలో ఊడదు. అది నాన్నకూ తెలుసు. అయినా చేతిలో సుత్తి ఉంది కదా, కొడుతూనే ఉన్నాడు. ఓనరమ్మ మెట్టు మీద కూర్చుని చెవులు మూసుకుని మరీ చూసింది.

సాయంత్రం గుడిలో పాటలు పాడే క్వయర్ ప్రాక్టీసు నుంచి అమ్మ వచ్చింది. బండి వైపు కన్నెత్తి చూడకుండా నాన్న ముందు నిలబడి చెయ్యి చాపింది. నాన్నకు అర్థమైంది, నాకూ అర్థమైంది. మా అమ్మమ్మ పెట్టిన నియమం ఒకటుంది మా ఇంట్లో. ప్రభువును సిలువకు మేకులతో కొట్టిన రోజు గనక గుడ్ ఫ్రైడే నాడు ఇంట్లో సుత్తి ఎత్తకూడదు, మేకు కొట్టకూడదు. అమ్మ లెక్కలో గురువారం పొద్దు వాలితే శుక్రవారం వచ్చేసినట్టే. నాన్న ఇంకా వెలుగుందని వాదించబోయాడు. అమ్మ చాపిన చెయ్యి అలాగే ఉంచింది. సుత్తి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పాతిపెట్టి మూత వేసింది.

నా బొంద, ఇక అయినట్టే అనుకున్నాను. శనివారం ఒక్కటే మిగిలింది. ఊడబీకిన బండి, చెల్లాచెదురుగా సామాను, వ్యానులో సీటు. తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మ మీద కూడా కోపమొచ్చింది. దేవుడేమన్నా మన బండి ఇరుసు చూస్తూ కూర్చుంటాడా అని గొణిగాను. అమ్మకు వినపడింది. చూస్తాడు, అంది.

శుక్రవారం మధ్యాహ్నం గుడి. సిలువ మీద పలికిన ఏడు మాటలు, ఒక్కో మాటకు ఒక్కో పెద్దాయన ప్రసంగం. పైన ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. అమ్మ ముందు క్వయర్లో, నేనూ నాన్నా వెనక బెంచీలో. నాన్న కళ్ళు మూసుకుని కదలకుండా ఉంటే ప్రార్థనలో ఉన్నాడనుకున్నాను. నాలుగో మాట మధ్యలో నా మోచెయ్యి పొడిచాడు. "కొట్టక్కర్లేదే, లాగొచ్చు" అన్నాడు, గుసగుస అనుకుని. ముందు రెండు బెంచీలు తిరిగి చూశాయి. క్వయర్లోంచి అమ్మ చూసిన చూపుకు నేను తలొంచుకుని, నవ్వు ఆపుకోలేక చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాను. నవ్వకూడని రోజు కూడాను.

చేతిలో సుత్తి ఉన్నంతసేపు మా నాన్న ఆలోచించడు. అది బియ్యంలోకి పోయాక ఆలోచించక తప్పలేదు. ఆయనకు తట్టింది చాలా చిన్న సంగతి. ఇరుసు కొసన మర ఉంది కదా. ఆ కొసకు బయటి నుంచి ఒక ఇనుప గొట్టం ముక్క తొడగాలి. గొట్టం ఒక పక్క బండి చట్రానికి ఆనుకుంటుంది, రెండో పక్క వాషరు వేసి నట్టు బిగించాలి. నట్టు బిగించే కొద్దీ గొట్టం లోపలికి పోలేదు గనక ఇరుసే బయటికి రావాలి. నట్టు ఇక తిరగని చోట విప్పి, ఇంకాస్త పొడుగు గొట్టం వేసి, మళ్ళీ బిగించాలి. దెబ్బ లేదు, చప్పుడు లేదు. ఇంటికి రాగానే పెరుగన్నం కలుపుతున్న అమ్మను అడిగాడు, స్పానర్ వాడటం మీద మీ అమ్మ ఏమన్నా చెప్పిందా అని. అమ్మ కాసేపు ఆలోచించి, లేదు, అంది.

గొట్టం ముక్కల కోసం ఓనరమ్మను పిలిచాం. ఆవిడ వరండాలోకి వచ్చి, విప్పిన బండిని చూసి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది సార్, గిట్ల ముక్కలు ముక్కలు చేసి కూసున్నరు. పండుగ పూట అక్క పరేషాన్ గాదా? జెర ఆగుండ్రి, మా ఆయన పైపులు శాన ఉన్నయ్, ఏది గావాల్నో తీస్కోండ్రి."

మెట్ల కింద గది తెరిచి, బోరు పైపుల ముక్కలు, పైపుల్ని కలిపే గుండ్రటి జాయింట్లు, గిన్నెడు వాషర్లు తెచ్చి పోసింది. నాన్న వాటిని పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా పేర్చుకున్నాడు. గ్రీజు పూశాడు. మొదటి ముక్క తొడిగి, వాషరు వేసి, నట్టు ఎక్కించి, రింగు స్పానర్ పెట్టి తిప్పాడు. నట్టుతో పాటు ఇరుసు కూడా ఉన్నచోటే తిరిగింది. అంత కొట్టినా కదలనిది ఇప్పుడు తిరుగుతోంది! తిరుగుతోంది గానీ రావడం లేదు. ఇరుసు చిట్టచివర రెండు పక్కలా చదునుగా చెక్కి ఉంది. అక్కడ స్క్రూ స్పానర్ పెట్టి ఒకరు తిరగనివ్వకుండా పట్టుకోవాలి, ఇంకొకరు నట్టు తిప్పాలి. ఇది ఒంటిచేత్తో అయ్యే పని కాదు.

పట్టుకునే పని నాది. ఎంతసేపు పట్టుకున్నానో నా మణికట్టుకే తెలుసు. నాన్న ఒక పావు చుట్టు తిప్పుతాడు, ఆగి ఊపిరి తీసుకుంటాడు, ఇరుసు వైపు ఆశగా చూస్తాడు, మళ్ళీ పావు చుట్టు. అది వెంట్రుకవాసి వచ్చిందో లేదో కూడా తెలియదు. రెండుసార్లు నా స్పానర్ జారి వేళ్ళకు తగిలింది. మూడోసారి జారితే విసిరికొట్టి లేచిపోయాను. ఇది ఈ ఈస్టర్‌కు కాదు, పై ఈస్టర్‌కు కూడా రాదు, నీ బండీ వద్దు, నీ ఇరుసూ వద్దు అని అరిచి, కుళాయి కింద వేళ్ళు పెట్టుకుని నిలబడ్డాను. నాన్న ఒక్కడే రెండు చేతులా రెండు స్పానర్లు పట్టుకుని అవస్థ పడుతున్నాడు. ఒకటి పట్టుకుంటే ఒకటి జారుతోంది.

తలుపు దగ్గర అమ్మ ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో. గుడికి కట్టుకున్న తెల్ల చీర ఇంకా మార్చుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి, కూర తరిగేటప్పుడు కూర్చునే పీట తెచ్చి, నాన్న పక్కన వేసుకుని కూర్చుంది. కొంగు నడుముకు చుట్టుకుని స్క్రూ స్పానర్ అందుకుంది.

"ఎటు తిరగనివ్వకూడదు?" అని అడిగింది.

నాన్న చేత్తో చూపించాడు. అమ్మ స్పానర్ నోరు సరిగ్గా బిగించుకుని, పిడిని మోకాలికి ఆనించి, రెండు చేతులా పట్టుకుంది. నేను ఇంతసేపూ మణికట్టుతో చేసిన పని ఆవిడ ఒళ్ళంతా పెట్టి చేసింది. నాన్న తిప్పాడు. అమ్మ చెయ్యి కదల్లేదు. కిర్రుమని చిన్న మూలుగు వినిపించింది. ఇరుసు కొస గొట్టంలోంచి ఒక గింజంత బయటికి వచ్చింది.

ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు. నేనూ ఓనరమ్మా మెట్టు మీద కూర్చుని చూశాం. గొట్టం మార్చాలంటే అమ్మే చెయ్యి చాపి వరసలో తర్వాతి ముక్క అందించేది. కాసేపటికి అమ్మ, ఇంత తుప్పు పట్టేదాకా గ్రీజు పెట్టకపోతే ఎలాగండీ అంది. ఇంకాసేపటికి గుడిలో ఆయన గుసగుస గురించి తిట్టింది. పాస్టరు గారు కూడా విన్నారంది. ఇంకాసేపటికి పిన్ని వాళ్ళ సంగతులు, క్వయర్లో కొత్తగా చేరిన అమ్మాయి గొంతు, పాలవాడు కలిపే నీళ్ళు. అన్నీ క్రిస్మస్ నుంచి దాచిపెట్టుకున్న కబుర్లు. నాన్న తలూపుతూ తిప్పుతున్నాడు. ఈసారి గాలి లేదు, అన్నీ వినపడుతున్నాయి. వింటూ వింటూ ఆయన మెల్లగా తిప్పడం నేను గమనించాను. తొందరగా వస్తే తొందరగా అయిపోతుంది మరి.

వెలుగు పోతుండగా ఇరుసు పూర్తిగా వదులై, చివరి జానెడూ చేత్తో లాగితే వచ్చేసింది. స్వింగ్ ఆర్మ్ దానంతటదే కిందికి వాలింది. నాన్న గ్రీజు చేతులతో ఆ ఇరుసును పట్టుకుని పసిపిల్లను చూసినట్టు చూశాడు. అమ్మ తెల్ల చీర ఇక తెల్లగా లేదు. ఓనరమ్మ మెట్టు దిగి వచ్చి, ఇరుసును వేలితో తాకి చూసి, మా ఆయన సుత ఇంత సబర్‌తోటి చెయ్యకపోతుండె సార్ అని ఆయన ఓపికను మెచ్చుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గుడ్ ఫ్రైడే అని ఊరుకున్నాను.

శనివారం పొద్దున్నే నాన్న రాణీగంజ్ వెళ్ళి కొత్త బుష్షులు తెచ్చాడు. ఆ రోజు సుత్తికి అడ్డం లేదు. అమ్మే బియ్యంలోంచి తీసి, కడిగి, తెచ్చి వరండాలో పెట్టింది. నాన్న దాని వైపు చూసి పక్కకు జరిపాడు. పాత బుష్షులు తియ్యడానికీ, కొత్తవి ఎక్కించడానికీ అదే పద్ధతి. పొడుగాటి బోల్టు ఒకటి మధ్యలోంచి దూర్చి, అటూ ఇటూ గొట్టం ముక్కలూ వాషర్లూ వేసి, ఒకరు పట్టుకోవడం, ఒకరు తిప్పడం. పీట వేసి పిలవకముందే అమ్మ వచ్చి కూర్చుంది. బుష్షు వంకర లేకుండా నిదానంగా, మెత్తగా లోపలికి జారింది. సాయంత్రానికి చక్రం ఎక్కింది, చైను ఎక్కింది. ఒక్క మర కూడా మిగల్లేదు. నాన్న బండి వెనక పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించాడు. రాయిలా ఉంది. వీధి చివరిదాకా నడిపి, తిరిగొచ్చి, స్టాండు వేసి, లోపలికి వెళ్ళి స్నానం చేశాడు. అమ్మ వ్యాను సంగతి ఎత్తలేదు. నాకు రాత్రి నిద్ర పడితే ఒట్టు.

తెల్లవారకముందే లేచాం. అమ్మ పూలబుట్ట సర్దుకుంది, శాలువా కప్పుకుంది. నాన్న బండిని గేటు బయటికి తీశాడు. నేను కావాలనే చెప్పుల కోసం వెతుకుతున్నట్టు లోపలే ఉండిపోయాను. ఇప్పుడు ఎక్కుతుంది, ఇప్పుడు ఎక్కుతుంది అనుకుంటూ కిటికీలోంచి చూస్తున్నాను. అమ్మ బండి దాకా వచ్చింది కూడా. అప్పుడు నాన్న అన్నాడు.

"నువ్వు వ్యాన్లో వెళ్ళు. నేను వెనకాల వస్తాను."

ఇంత చేసి ఈ మనిషికి ఏం పుట్టింది? అమ్మ ఎందుకని అడిగింది. ఊరికే అన్నాడు. అమ్మ కదల్లేదు. నాన్న హేండిలు వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు నువ్వు పడ్డావు, నేను పడలేదు. బుష్షులు అరిగాయని అందరికీ చెప్పాను గానీ, హేండిలు పట్టుకున్నది నేనే కదా. నిన్ను పడేసింది నేనేననిపిస్తుంది. బండి బాగైతే నువ్వు మళ్ళీ ఎక్కుతావు. అదే భయమేసి ఇన్నాళ్ళూ దీన్ని ముట్టుకోలేదు."

ఎక్కనన్నది అమ్మ అని, భయం అమ్మదని నేను ఇన్ని నెలలూ అనుకున్నాను. చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ పూలబుట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నట్టు తిప్పింది మీరు, ఇరుసు పట్టుకున్నది నేను. నా పని మీద నాకు నమ్మకముంది. మీ పని మీద మీకు లేకపోతే ఇప్పుడే చెప్పండి, వ్యానుకు వెళ్తాను."

నాన్న బండి ఎక్కి కూర్చున్నాడు. అమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, పక్కకు తిరిగి కూర్చుని, భుజం మీద చెయ్యి వేసింది. కిక్కు కొట్టండి అంది. తర్వాత కిటికీ వైపు తిరగకుండానే, నేను అక్కడ ఉన్నానని తెలిసినట్టే, వ్యానులో తన సీట్లో నన్ను వెళ్ళమంది.

వ్యాను బయలుదేరడం ఆలస్యమైంది. మేం సమాధుల తోట చేరేసరికి వాళ్ళు మాకంటే ముందే వచ్చి ఉండాలి. లేరు. అమ్మమ్మ సమాధి దగ్గర ఎవరూ లేరు, నిరుడు పెట్టిన కొవ్వొత్తి మైనం మాత్రం రాతికి అంటుకుని ఉంది. గేటు దాకా వెళ్ళి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. కొవ్వొత్తులు వెలిగించేశారు. క్వయర్ నిలబడింది. మా అమ్మ ఎన్నడూ మొదటి పాటకు లేకుండా పోలేదు, జ్వరంలో కూడా వచ్చి పాడిన మనిషి. ఆ వరసలో ఆవిడ చోటు ఖాళీగా ఉంది. పాట మొదలైంది. మొండికేసి ఎక్కించింది నేనే కదా, వాళ్ళనేం చేశాను దేవుడా అనుకుంటూ మళ్ళీ గేటు వైపు నడిచాను.

రెండో పాట సగంలో ఉండగా మోటార్ సైకిలు చప్పుడు వినిపించింది. అది మెట్టుగూడ వైపు నుంచి రాలేదు. అవతలి వైపు నుంచి, ఊరి బయటి వైపు నుంచి వచ్చింది. గేటు దగ్గర ఆగింది. అమ్మ దిగింది. జుట్టంతా గాలికి రేగిపోయి ఉంది, బుట్టలో పూలు సగమే ఉన్నాయి, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. ఎక్కడికి పోయారు మీరు అని ఇద్దర్నీ కలిపి కేకలేశాను. నాన్న దారి తప్పామని నసిగాడు. ఇన్నేళ్ళుగా వస్తున్న దారి!

అమ్మ కొంగు సర్దుకుంటూ చెప్పింది, "దారి తప్పలేదే. తోటకు తిరిగే మలుపు వచ్చింది, ఆయన తిప్పబోయారు. నేనే వద్దన్నాను. ఇంకాస్త దూరం పోనివ్వమన్నాను."

చెప్పి, పూలబుట్ట నా చేతిలో పెట్టి, క్వయర్లో తన చోటికి వెళ్ళి పాటలో కలిసిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు కూడా నేను వ్యాన్లోనే వచ్చాను. ఆ ఈస్టర్ కోడికూర నేనే వండాను, భోజనాల వేళ దాటినా వాళ్ళు ఇల్లు చేరలేదు.